పెట్టెలో పట్టని మందు

ఇంటి వసారాలో రెండు పెద్ద పెట్టెలు నోరు తెరచుకొని ఉన్నవి. ప్రక్కన కొక్కెపు త్రాసు. ఒక్కొక్క పెట్టె 23 కిలోలు దాటరాదు. పచ్చళ్ళ సీసాలు ఒకవైపు, పొడులు మరొకవైపు, వాటి నడుమ చీరల మడతల్లో దాచిన చిన్న చిన్న పొట్లాలు. ఒక్కొక్క పొట్లం మీద పెన్నుతో వ్రాసిన పేరు: శొంఠి, వాము, పిప్పళ్ళు, కరక్కాయ. పిల్లలు అమెరికాకో, జర్మనీకో, దుబాయికో ప్రయాణమైన తెలుగిళ్ళలో తరచుగా కనిపించే దృశ్యమిది. "అక్కడ ఇవి దొరకవు" అన్నది తల్లుల మాట. "అక్కడ అన్నీ దొరుకుతాయి" అన్నది పిల్లల మాట. రెండు మాటల్లోనూ కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. ఆ పొరపాటు ఒక్కొక్కప్పుడు ఆరోగ్యానికే ముప్పు తెచ్చును. కనుకనే ఈ విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

కొన్నేళ్ళ క్రిందట మా అమ్మాయి పురుటికి టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ నగర సమీపానికి వెళ్ళినప్పుడు నేనూ ఇట్లే పెట్టె సర్దుకున్నాను. శొంఠి, మిరియాలు, వాము, అతిమధురం, వసకొమ్ము, పసుపుకొమ్ములు, కుంకుడుకాయలు, సున్నిపిండి, హారతి కర్పూరం, సాంబ్రాణి, కాటుక భరిణె, అరగదీయడానికి సానరాయి, చివరకు తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు కూడా పెట్టాను. "వదినగారూ, ఆముదం మరచిపోకండి" అని వియ్యపురాలు ఫోనులో గుర్తు చేస్తే, ఆ సీసాను మూడు ప్లాస్టిక్ సంచులలో చుట్టి మరీ దూర్చాను. ఆరు నెలలు అక్కడ ఉండి తిరిగి వచ్చేసరికి నాకు ఒక సంగతి తెలిసివచ్చినది. నేను మోసుకుపోయిన వాటిలో కొన్ని అక్కడే దొరుకుతున్నవి. కొన్నింటికి సరిసమానమైనవి అక్కడున్నవి. కొన్నింటిని అసలు మోసుకుపోకుండా ఉండవలసినది. అన్నింటికంటె ముఖ్యమైనదానిని మాత్రం నేను పెట్టెలో పెట్టనే లేదు.

దేశమెరిగి వైద్యము

ఏ దేశంలో పుట్టిన ప్రాణికి ఆ దేశంలో పుట్టిన ఔషధమే హితమని ఆయుర్వేదం చెప్పినది. ఈ మాటను మనవారు తరచుగా ఒక్కవైపు నుంచే అర్థం చేసుకుంటారు. "మనం ఆంధ్రదేశంలో పుట్టినవాళ్ళం, మన మూలికలే మనకు పట్టును" అని పెట్టె నింపుతారు. కాని అదే శాస్త్రం దేశాన్ని జాంగలము, ఆనూపము, సాధారణము అని విభజించి, మనిషి నివసిస్తున్న నేల, అక్కడి గాలి, అక్కడి ఋతువు చూచి ఆహారవిహారాలను నిర్ణయించమన్నది. అలవాటు వలన శరీరానికి సరిపడినది సాత్మ్యమన్నది. అంటే పుట్టిన దేశమూ, ఉన్న దేశమూ రెండూ లెక్కకు రావలెను.

గుంటూరు ఎండలకు తగిన మజ్జిగ, సబ్జా నీళ్ళు చికాగో హిమంలో పనికిరావు. అక్కడ శీతకాలమంతా ఇంటిలో వేడిగాలి యంత్రం తిరుగుతూ ఉండును. దానితో గాలి పొడిబారి చర్మం పగులును, గొంతు ఆరిపోవును. ఆ కాలంలో అవసరమైనది నువ్వులనూనెతో అభ్యంగనము, గోరువెచ్చని నీరు, నెయ్యి తగిలిన ఆహారము. ఈ మూడింటికీ ఆంధ్రదేశం నుంచి ఏదీ మోసుకుపోనక్కరలేదు. నువ్వులనూనె అక్కడి అంగళ్ళలోనే దొరుకును. కాని వేయించిన నువ్వులతో తీసిన ముదురురంగు నూనె చైనా, జపాను వంటలకు వాడేది. ఒంటికి రాసుకోవడానికి వేయించని నువ్వుల లేతరంగు నూనెనే అడిగి తీసుకొనవలెను.

పేరు తెలియక దొరకనివి

"దొరకవు" అనుకొనేవాటిలో చాలావరకు పేరు తెలియక దొరకనివే. మనం ఇంట పిలిచే పేరు ఒకటి, అంగడిలో దానిమీద వ్రాసి ఉన్న పేరు మరొకటి. ఇసబ్గోలు కోసం మా అల్లుడు భారతీయ దుకాణాలు మూడు తిరిగివచ్చాడు. మందుల దుకాణాలలో 'సిలియం' అన్న పేరుతో, 'మెటాముసిల్' అన్న డబ్బాలో అమ్మేది అదే ఇసబ్గోలు పొట్టు. ఆ పంట ముఖ్యంగా మన గుజరాత్, రాజస్థాన్ పొలాల నుంచి పోతున్నదే. సునాముఖి ఆకు 'సెన్నా' పేరుతో విరేచనకారిగా అక్కడ అమ్ముడగుచున్నది. అందులో ఒక రకానికి తమిళనాట తిరునెల్వేలి పేరే స్థిరపడినది. ఆముదం 'కాస్టర్ ఆయిల్'. దానికోసం నేను మూడు సంచులు వృథా చేశాను. అతిమధురం 'లికరిస్'. మన వంటసోడా అక్కడి 'బేకింగ్ సోడా'. 'బేకింగ్ పౌడర్' అన్నది అది కాదు, అందులో ఆమ్లద్రవ్యము, పిండి కూడా కలిసి ఉండును.

జర్మనీకి చదువుకొనబోయిన పిల్లలకు మరొక చిక్కు. అక్కడ 'కుమ్మెల్' అంటే మన జీలకర్ర కాదు. అది షాజీరాను పోలిన వేరొక గింజ. మన జీలకర్ర కావలెనంటే 'క్రాయిట్స్‌కుమ్మెల్' అని అడుగవలెను. మారిషస్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి వంటింట్లో 'సఫ్రాన్' అన్న మాట వినిపిస్తే అది కుంకుమపువ్వు అనుకోరాదు. అక్కడ పసుపునే ఆ పేరుతో పిలుస్తారు. కరివేపాకు కూడ 'కరిపులే' అన్న పేరుతో ఆ ద్వీపంలో పెరట్లలో పెరుగుతున్నది. వంద సంవత్సరాలకు పైబడి వెనుక కోరంగి రేవునుంచి ఓడలెక్కిన కూలీలకు పెట్టెలు లేవు, తూకాలు లేవు. చేరిన నేలమీదనే తమకు కావలసినది వారు వెదకుకున్నారు, పెంచుకున్నారు.

ఈ పేర్ల చిక్కుకు ఒకటే విరుగుడు. ప్రతి వస్తువుకూ తెలుగు పేరు, ఆంగ్ల నామము, వృక్షశాస్త్ర నామము మూడూ వ్రాసి ఉంచుకొనవలెను. శాస్త్రనామం ఏ దేశంలోనైనా ఒక్కటే. వాము 'ట్రాకీస్పెర్మమ్ అమ్మీ'. ఇసబ్గోలు 'ప్లాంటాగో ఒవాటా'. చదవడానికి నోరు తిరగకపోవచ్చును. చీటీ చూపిస్తే చాలును.

ప్రతినిధి ద్రవ్యములు

వస్తువు నిజంగానే దొరకనప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుడు భావప్రకాశంలో అభావ ప్రతినిధి ద్రవ్యాలను పేర్కొన్నాడు. అంటే ఒక ద్రవ్యం దొరకనిచోట దానికి బదులు వాడదగినవి. మేద, మహామేద దొరకకపోతే శతావరి, అనగా మన పిల్లపీచర. జీవక ఋషభకాలకు బదులు విదారి, అనగా నేలగుమ్మడి. కాకోలి, క్షీరకాకోలికి బదులు అశ్వగంధ. హిమాలయాలలోని మూలికలు దక్షిణాదికి చేరని రోజుల్లో వైద్యుడు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పేరును విడిచి గుణాన్ని పట్టుకున్నాడు. నేటి ప్రవాసులు అనుసరించవలసిన మార్గమూ ఇదే.

మా అమ్మాయి ఇంటికి దగ్గరలో మెక్సికోవారి దుకాణమొకటి ఉన్నది. మొదటిసారి అందులో అడుగుపెట్టినప్పుడు మా ఊరి సంత గుర్తుకు వచ్చినది. చింతపండు కాయలుగానే ఉన్నది. మందార జాతి ఎండుపూల రేకులున్నవి. శంఖాకారపు దిమ్మెలుగా పోసిన బెల్లమున్నది. దానిని వారు 'పిలోన్సియో' అంటారు. చెరకురసాన్ని శుద్ధిచేయకుండా కాచి పోసినదే. బాలింత కోసం శొంఠి బెల్లం ఉండలు దానితోనే చేశాను. రుచిలో తేడా తెలియలేదు. ఒక మూల నల్లరాతి రోలు కనిపించినది. మూడు కాళ్ళున్నవి. పేరు 'మోల్కాహెతె'. అగ్నిపర్వత శిలతో చేసిన ఆ రోలును కొత్తగా కొన్నప్పుడు బియ్యం వేసి పలుమార్లు నూరి రాతిపొడి పోగొట్టవలెనట. మా అమ్మ కొత్త రోటికి చేసినదీ అదే. ఇక్కడినుంచి తీసుకువెళ్ళిన మిక్సీ మాత్రం అక్కడ మూలుగుతూ తిరిగినది. మన విద్యుత్తు 230 వోల్టులు, అక్కడ 120 వోల్టులు. మన యంత్రం అక్కడ పెట్టె బరువు తప్ప మరేమీ కాదు.

కుంకుడుకాయల సంగతి మరింత విచిత్రం. ఒక సాయంకాలం వాగుగట్టున నడుస్తుండగా ఆకులు రాలిన చెట్టుకు పసుపువన్నె కాయలు గుత్తులుగా వ్రేలాడుతున్నవి. లోపల నల్లని గింజ నీడలా కనిపిస్తున్నది. ఒకటి రాలితే తీసి తడిచేసి రుద్దాను. నురుగు వచ్చినది. మన కుంకుడు చెట్టుకు అది దాయాది. టెక్సాస్, ఓక్లహోమా ప్రాంతాలలో సహజంగా పెరుగును. వీధిలో కనిపించిన కాయలు కోసుకొమ్మని నేను చెప్పడం లేదు. పాశ్చాత్య దేశాలలో బట్టలు ఉతకడానికి 'సోప్‌నట్' పేరుతో కుంకుడుకాయలనే సంచులలో అమ్ముతున్నారు. సువాసన ద్రవ్యాలు కలపనివి కొని తలంటుకు వాడుకొనవచ్చును. ఏ కుంకుడు రసమైనా కంట పడకుండ చూచుకొనవలెను.

సున్నిపిండిని మోసుకుపోవడం కూడా అనవసరమే. పెసలు రెండు పాళ్ళు, శనగపప్పు ఒక పాలు, బియ్యం అరపాలు, చిటికెడు పసుపు కలిపి కాఫీగింజలు పొడిచేసే చిన్న యంత్రంలో వేస్తే చాలును. మెత్తగా జల్లించుకొనవలెను. అక్కడి స్నానాలగదుల గొట్టాలలో పిండి పేరుకుపోవును కనుక నీరు పోయేచోట జల్లెడ మూత వేసుకొనవలెను. ఇది నేను వంద డాలర్లు పైబడి ఖర్చయిన తరువాత నేర్చుకున్న పాఠం.

మోసుకుపోరానివి

ఇక ముఖ్యమైన మాట. ఇందులో కొందరు పాఠకులకు నాపై కోపం రావచ్చును.

మా మనుమరాలిని మొదటిసారి పిల్లల వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళినప్పుడు ఆమె పాప కళ్ళవైపు చూచి, కాటుక పెట్టవద్దని మర్యాదగానే చెప్పినది. నాకు చివుక్కుమన్నది. మన ఆచారాన్ని చిన్నచూపు చూస్తున్నారనుకున్నాను. ఇంటికి వచ్చి భరిణెను త్రిప్పి చూచాను. అందులో ఏమున్నదో దానిమీద ఎక్కడా వ్రాసి లేదు. మా అమ్మ ఆముదపు దీపం మీద కంచుపళ్ళెం బోర్లించి పట్టిన మసితో కాటుక చేసేది. నేను కొన్నది బజారు సరుకు. బజారులో దొరికే కాటుక, సుర్మాలలో సీసము ఉన్నట్లు అనేక పరీక్షలలో బయటపడినది. అమెరికాలో ఆ కారణంగానే వాటి దిగుమతిని అడ్డుకుంటున్నారు. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. ఇంట చేసిన కాటుకైనా పసికందు కంటిలో పెట్టనక్కరలేదు. దిష్టిచుక్క అరికాలికి పెడితే దిష్టి పోదని ఏ పెద్దలూ చెప్పలేదు.

హారతి కర్పూరాన్ని కొబ్బరినూనెలో కరిగించి జలుబు చేసిన పిల్లల గుండెలకు రాయడం మన ఇళ్ళలో ఉన్నదే. మనం కొనే హారతి కర్పూరం ఎక్కువగా టర్పెంటైన్ నుంచి రసాయనికంగా తయారగునది. అది దాదాపు పూర్తి కర్పూరమే. పైపూతకు అమ్మే మందులలో కర్పూరం నూటికి 11 పాళ్ళు మించరాదని అమెరికాలో నియమమున్నది. ఒక గ్రాము కడుపులోకి పోయినా చిన్నపిల్లలకు ప్రాణాపాయం కలుగవచ్చును. న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఇంట వాడిన కర్పూరం వలన పిల్లలకు మూర్ఛలు వచ్చినట్లు 2009లో వైద్యులు ప్రకటించారు. కర్పూరం దేవుని గదిలోనే, అదీ పిల్లలకు అందనంత ఎత్తులో ఉండవలెను.

వసకొమ్మును సానమీద అరగదీసి తేనెతో నాలుకకు రాస్తే మాటలు స్పష్టంగా వస్తాయని మన నమ్మకం. వసలోని ఒక పదార్థం ఎలుకలలో కంతులు కలిగించినట్లు తేలినందున అమెరికాలో 1968లోనే దానిని ఆహారాలలో వాడరాదని నిషేధించారు. ఆయుర్వేద వైద్యులు వసను శోధించి, మోతాదు నిర్ణయించి వాడతారు. అది వైద్యుని పని, ఇంటి పని కాదు. తేనె విషయంలోనైతే సందేహమే లేదు. సంవత్సరం నిండని బిడ్డకు తేనె నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి పసిపిల్లల పేగులలో విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుపడేయును.

సాంబ్రాణి ధూపం వేసిననాడు ఇల్లంతా గంట మ్రోగినది. పొగను కనిపెట్టే యంత్రం ప్రతి గది కప్పుకూ ఉన్నది. అల్లుడు పరుగున వచ్చి, "అత్తయ్యగారూ, కిటికీలు తెరవండి" అన్నాడు. నవ్వుకున్నాము. కాని ఆలోచిస్తే అది నవ్వవలసిన సంగతి కాదు. పెంకుటింటిలో పొగ పైకి పోవును. అక్కడి ఇళ్ళు చలికి గాలి చొరకుండ మూసి కట్టినవి. అట్టి ఇంటిలో బొగ్గుల కుంపటి పెడితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిండి, నిద్రలోనే ప్రాణం పోవచ్చును. బాలింతకు వెచ్చదనం కావలెనంటే వేడినీటి సంచి చాలును.

పసుపు మనకు మంగళకరం. 1995లో గాయాలు మాన్పే గుణానికి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేటెంటు పొందితే, మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో రద్దు చేయించినది. అంతటి పసుపుకు మెరుపు రావడం కోసం సీసముతో కూడిన పచ్చరంగు పూసే దుర్మార్గం బంగ్లాదేశ్‌లో విస్తృతంగా ఉన్నట్లు 2019లో వెలువడిన పరిశోధన తెలిపినది. మనం పేటెంటు విషయంలో చూపిన పట్టుదలను ఈ విషయంలోనూ చూపవలెను. మిరుమిట్లు గొలిపే విడిపసుపును పెట్టెలో పెట్టరాదు. తెలిసిన రైతు వద్ద మెరుగుపెట్టని కొమ్ములు కొనుట, లేదా పరీక్ష జరిపిన సంస్థల పొడి వాడుట మేలు.

భస్మాలు, రసౌషధాలు గృహవైద్యంలోనివి కావు. బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా 14 ఔషధాలలో సీసము, పాదరసము, పాషాణము వంటివి ఉన్నట్లు 2004లో ఒక అధ్యయనం తెలిపినది. ఆయుర్వేదాన్ని ప్రేమించేవారు ఈ లెక్క విని కోపగించుకోవడం కాదు, జాగ్రత్తపడవలెను. ఎవరో చెప్పారని భస్మపు పొట్లాలు కట్టి పంపడం ఆయుర్వేదానికి సేవ కాదు.

చట్టం ఒప్పనివి కూడా ఉన్నవి. జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయేవారి సంచులలో గసగసాల పొట్లం ఉండుట సహజం. మనకది కూరలోకి వేసుకొనేది, నిద్రకు పాలలో నూరి కలిపేది. కాని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అది మాదకద్రవ్యాల చట్టం క్రిందకు వచ్చును. ఆ పొట్లం జైలుకు దారి తీయవచ్చును. సింగపూర్‌లోనూ దానిపై ఆంక్షలున్నవి. ఇరుగుపొరుగువారు "మా అబ్బాయికి ఇవ్వండి" అని అంటించి ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండ తీసుకుపోరాదు. నా కరివేపాకును విమానాశ్రయంలోనే తీసివేశారు. ముందుగానే కాగితంలో వ్రాసి చూపినందున జరిమానా పడలేదు. కరివేపాకుపై బ్రతికే చిన్న పురుగొకటి నిమ్మ, నారింజ చెట్లకు తెగులు అంటించును. 2005లో ఫ్లోరిడాలో బయటపడిన ఆ తెగులు అక్కడి నారింజ తోటలను చాలావరకు నాశనం చేసినది. వారి భయానికి కారణమున్నది.

"ఊరికొక దుకాణమున్నది కదా!"

ఇన్ని మాటలు ఎందుకు, డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ వీధికొక భారతీయ దుకాణమున్నది కదా అని కొందరనవచ్చును. నిజమే. కాని ప్రవాసులందరూ డల్లాస్‌లో లేరు. చిన్న విశ్వవిద్యాలయపు ఊళ్ళలో చదివే పిల్లలున్నారు. జర్మనీ ఆసుపత్రులలో పనిచేసే నర్సులున్నారు. ఎడారి నడుమ శిబిరాలలో ఉండే కూలీలున్నారు. పైగా దుకాణం వస్తువును అమ్మును గాని వాడుకను నేర్పదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అన్నది దుకాణంలో దొరకదు. అసలు విషయం ఇక్కడే ఉన్నది.

ప్రధాన ద్రవ్యము

నేను తిరిగివచ్చిన తరువాతి శీతకాలంలో అల్లుడికి గొంతు పట్టుకున్నది. నేను ఉంచివచ్చిన అతిమధురం ఉన్నది. కషాయం కాచి త్రాగితే హాయిగా ఉన్నదట. అతడు దానిని ఉదయం సాయంత్రం టీకి బదులు అలవాటు చేసుకున్నాడు. వారాలు గడిచినవి. అతనికి ముందే కొంచెం రక్తపోటు ఉన్నది. అది క్రమంగా పెరిగి, తలనొప్పితో డాక్టరు వద్దకు పోయాడు. డాక్టరు మందుల జాబితా అడిగాడు. జాబితాలో అతిమధురం లేదు. ఇంటి వస్తువు మందెట్లు అగునని మావాడు చెప్పలేదు. రెండవసారి అడిగినప్పుడు చెప్పాడు. అతిమధురం ఎక్కువ కాలం వాడితే శరీరంలో పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగును. మానిన తరువాత క్రమంగా తగ్గినది.

తప్పు అతిమధురానిది కాదు, అల్లుడిదీ కాదు. తప్పు నాది. మా అమ్మ అతిమధురం ఇచ్చినప్పుడు చిటికెన వ్రేలంత ముక్క ఇచ్చేది. మూడు రోజులు చూచి, "ఇక చాలు" అని డబ్బా అటకమీద పెట్టేది. రక్తపోటున్న మా నాన్నగారికి అసలు ఇచ్చేది కాదు, "ఆయన ఒంటికి పడదు" అనేది. కారణం ఆమెకు తెలియదు, అనుభవం తెలుసు. నేను పొట్లం మీద పేరు వ్రాశాను. ఆ "ఇక చాలు" అన్న మాట వ్రాయలేదు.

భావమిశ్రుడు ప్రతినిధి ద్రవ్యాలు చెప్పిన చోటనే ఒక హెచ్చరిక కూడా చేశాడు. యోగంలోని అప్రధాన ద్రవ్యానికే బదులు వాడదగును. ప్రధాన ద్రవ్యానికి బదులు లేదు. గృహవైద్యంలో ప్రధాన ద్రవ్యం ఏది? శొంఠి కాదు, వాము కాదు. ముఖం చూచి, నాలుక చూచి, ఎంత ఇవ్వవలెనో, ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకుపోవలెనో చెప్పే ఇంటి పెద్ద. విదేశంలో మన పిల్లలకు నిజంగా దొరకనిది అదొక్కటే. ఆ తెలివిని ఇవ్వకుండ పొట్లం మాత్రమే ఇస్తే, మందులో ముఖ్యమైనదానిని విడిచి మిగిలినవి కట్టి ఇచ్చినట్లే.

కనుక తల్లులకు, అత్తలకు, అమ్మమ్మలకు నా విన్నపము. త్రాసు తీసేముందు ఒక నోటుపుస్తకం తీయండి. ప్రతి వస్తువుకూ అయిదు సంగతులు వ్రాయండి: మూడు భాషల పేరు, దేనికి, ఎంత, ఎన్నాళ్ళు, ఎవరికి వద్దు. ఉదాహరణకు:

ఇసబ్గోలు పొట్టు: మలబద్ధకానికి ఒక చెంచా, పెద్ద గ్లాసెడు నీటితో వెంటనే త్రాగవలెను. నీరు తక్కువైతే గొంతులో అడ్డుపడును. ఇతర మందులు వేసుకొనేవారు రెండు గంటల ఎడం ఉంచవలెను.

శొంఠి: జలుబుకు అర చెంచా పొడి రెండు కప్పుల నీటిలో వేసి ఒక కప్పు అయ్యేవరకు కాచి, వడగట్టి త్రాగవలెను. రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. కడుపులో మంట ఉన్నవారికి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి వద్దు.

ఉప్పునీరు: గొంతునొప్పికి గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించవలెను. జ్వరం మూడు రోజులు దాటినా, మ్రింగుడు పడకపోయినా డాక్టరును చూడవలెను.

ఆముదం: గర్భిణులకు వద్దే వద్దు. నొప్పులు ముందే తెప్పించును.

పుస్తకం మొదటి పుటలోనే పెద్ద అక్షరాలతో ఒక మాట వ్రాయండి: "ఏది వాడుతున్నా డాక్టరుకు చెప్పు." ఇంటి వస్తువని దాచరాదు. ఏమీ పని చేయనిదైతే వాడనక్కరలేదు. పని చేసేదైతే అది మందే.

గత సంవత్సరం నేను మళ్ళీ టెక్సాస్ వెళ్ళాను. ఈసారి పెట్టె బరువు తూచనవసరం లేకపోయినది. వాము, పిప్పళ్ళు, మెరుగుపెట్టని పసుపు కొమ్ములు కొన్ని, సానరాయి మాత్రమే ఉన్నవి. నూరు పుటల పుస్తకమొకటి చేతిసంచిలో పెట్టుకున్నాను. అమ్మాయి దానిని ఆ రాత్రే మొదటినుంచి చివరివరకు చదివినది. చదువుతూ ప్రక్కన పెన్సిలుతో ప్రశ్నలు వ్రాసినది. వాటిలో సగానికి నా వద్ద జవాబులున్నవి. మిగిలిన సగానికి మా అమ్మ వద్ద ఉండేవి. ఆమె ఉన్నప్పుడు నేను వ్రాసుకోలేదు. ఆ లోటు ఏ దేశంలోనూ దొరకదు. మీ ఇంట అడగవలసినవారు ఇంకా ఉంటే, ఈ రోజే అడిగి వ్రాసుకోండి.